బ్రోకా బోల్, వెర్నికే విను: మెదడులో భాష చిరునామా, మన భాషల లెక్క



మొన్న సెలవుల్లో మద్నూర్‌లో ఒక చిన్న రూములో నాలుగు రోజులు కూర్చొని చదువుకున్నం. మాలో ఇద్దరు నర్సింగ్, ఒకరు ఫిజియోథెరపీ, ఒకరు ఎంఏ సైకాలజీ, ఇంకొకరు మెడికల్ సీటు కోసం రెండోసారి తిప్పలు పడుతున్నవాళ్లు. పుస్తకాలు వేరైనా అందరం ఒక్కచోటే ఆగిపోయినం. మెదడులో భాషకు సంబంధించిన భాగాలు. బ్రోకా ఏది, వెర్నికే ఏది? ముందున్నది ఏది, వెనకున్నది ఏది? ఏది దెబ్బతింటే మాట పోతుంది, ఏది దెబ్బతింటే అర్థం పోతుంది? రాత్రి చదివింది పొద్దున్నకు తారుమారు.

ఇంగ్లిష్‌లో ఉపాయాలు చాలా ఉన్నయి. అవి ఇంగ్లిష్ మాటల మీద కట్టినవి కాబట్టి మనకు అతకలేదు. ఉపాయాన్ని గుర్తుపెట్టుకోవడానికే ఇంకో ఉపాయం కావాల్సి వచ్చింది. అందుకే మన మాటలతో మేమే తయారు చేసుకున్నం. అట్ల చేస్తూ పోతే వాటి వెనక ఉన్న చరిత్ర కూడా తగిలింది. ఆ చరిత్రలో మనమూ ఉన్నం. రెండూ కలిపి ఇక్కడ పెడుతున్నం. పరీక్షకు పనికొస్తుంది, పరీక్ష అయిపోయాక కూడా పనికొస్తుంది.

గుర్తుపెట్టుకునే విద్య మనకు కొత్తది కాదు. గోండుల వంశ గాథలను పర్ధాన్లు, తోటీలు కాగితం లేకుండానే తరతరాలు మోసిన్రు. లంబాడాల్లో ఢాడీలు అదే పని చేసిన్రు. పాట, వరుస, ఊరి పేరు, వాగు పేరు, వీటికి ముడివేసి దాచిన్రు. మేము చేసింది కూడా అంతే. తెలియని పేరును తెలిసిన దానికి ముడివేసినం.

ఒకే మాట మిగిలిన మనిషి

1861 ఏప్రిల్. పారిస్ దగ్గర బిసెత్ర్ అనే ఆసుపత్రి. లెబోర్న్ అనే 51 ఏళ్ల రోగిని కాలు కుళ్లిపోయిందని సర్జరీ వార్డుకు తెచ్చిన్రు. అప్పటికే ఆయన 21 ఏళ్లుగా ఆ ఆసుపత్రిలోనే ఉంటున్నడు. అంతకుముందు చెప్పులు కుట్టేవాళ్లకు కావాల్సిన చెక్క అచ్చులు చేసే పనివాడు. ఏది అడిగినా ఆయన నోట వచ్చేది ఒకటే మాట: 'టాన్'. అదీ ఎక్కువగా రెండుసార్లు, 'టాన్ టాన్' అని. అందుకే ఆసుపత్రిలో అందరూ ఆయనను టాన్ అనే పిలిచేవాళ్లు. అసలు పేరు మరుగున పడిపోయింది. కానీ ఎదుటివాళ్లు చెప్పేది ఆయనకు చాలావరకు అర్థమయ్యేది. తను చెప్పేది వాళ్లకు అర్థం కాకపోతే కోపం వచ్చేది.

ఏప్రిల్ 17న ఆయన చనిపోయిండు. సర్జన్ పాల్ బ్రోకా మరుసటి రోజే ఆ మెదడును పారిస్ ఆంత్రోపాలజీ సొసైటీ ముందు పెట్టిండు. దెబ్బ ఎడమవైపు, ముందుభాగంలో, అంటే ఫ్రంటల్ లోబ్‌లో ఉంది. అదే ఏడాది లెలాంగ్ అనే 84 ఏళ్ల ఇంకో రోగి. ఆయనకు మిగిలినవి ఐదు మాటలు. లెక్కలన్నిటికీ 'మూడు' అనే మాటనే వాడేవాడు. కానీ వేళ్లతో మాత్రం సరైన లెక్క చూపించేవాడు. ఇక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నవు అని అడిగితే నోరు 'మూడు' అన్నది, వేళ్లు ఎనిమిది చూపినయి. అంటే ఆలోచన పోలేదు, మాట పోయింది. బ్రోకా పట్టుకున్నది ఈ తేడానే. ఇట్లాంటి కేసులు ఇంకా చూసి, 1865లో, మనం మాట్లాడేది మెదడు ఎడమ సగంతో అని ఖాయం చేసిండు. ఇదే సంగతి మార్క్ డాక్స్ అనే ఒక పల్లెటూరి వైద్యుడు 1836లోనే రాసిపెట్టిండు. ఎవరూ పట్టించుకోలేదు. కొడుకు దాన్ని అచ్చు వేయించేసరికి 1865 వచ్చింది. ఊరివాళ్ల తెలివి ఆలస్యంగా లెక్కలోకి రావడం అక్కడా ఉంది.

మొదటి ఉపాయం: బ్రోకా అంటే బోల్. గోర్ బోలిలో, మరాఠీలో, హిందీలో బోల్ అంటే మాట్లాడు అనే కదా. ఏ వైపు? హిందీలో ఎడమను 'బాయే' అంటరు. బోలి బాయే వైపు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో నూటికి 95 మందికి భాష ప్రధానంగా ఎడమవైపే ఉంటుంది. ఇక నంబరు. మెదడు పైపొరను బ్రాడ్‌మన్ అనే ఆయన 1909లో నంబర్లు వేసి పటం గీసిండు. బ్రోకా ప్రాంతానికి 44, 45. నాలుగు అంటే నాలుక అనుకోండి. నలభై నాలుగు, నలభై ఐదు: నాలుక పని.

రెండో మనిషి, మేము వద్దనుకున్న ఉపాయం

1874. కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యునికి అప్పుడు 26 ఏళ్లు, ఇంచుమించు మన పీజీ పిల్లల వయసు. బ్రోకా రోగులకు పూర్తిగా ఉల్టాగా ఉన్న రోగులను ఆయన వివరించిండు. వీళ్లు గడగడ మాట్లాడుతరు. రాగం ఉంటుంది, వేగం ఉంటుంది, కానీ మాటకు మాట అతకదు. ఒకటి అడిగితే ఇంకొకటి చెప్తరు. ఎదుటివాళ్ల మాట వినిపిస్తుంది కానీ అర్థం కాదు. ఈ దెబ్బ ఎడమ చెవికి పైన, వెనకవైపు, టెంపోరల్ లోబ్‌లో.

దీనికి ఉపాయం వెతుకుతుంటే మాలో ఒకరు టక్కున అన్నరు: 'వెర్నికే అంటే వెర్రి మాటలు. అయిపోయింది.' అందరం నవ్వినం. ఒక చెల్లె నవ్వలేదు.

ఆమె దాదీ సంగతి అప్పుడు చెప్పింది. రెండేళ్ల కింద ఒక పొద్దున్నే లేచి దాదీ ఏదేదో మాట్లాడుతోంది. చెయ్యి కాలు బాగనే ఉన్నయి, నడుస్తోంది. మాటే కలవడం లేదు. తండాలో గాలి సోకింది అన్నరు. మంత్రం వేసే మనిషి దగ్గరికి తీసుకపోయిన్రు. మూడో రోజుకు గానీ ఆసుపత్రికి పోలేదు. అక్కడ ఆమెను తెలుగులో అడిగిన్రు. బజారు తెలుగు ఆమెకు జీవితమంతా వచ్చు, కానీ ఇప్పుడు అది తిరిగి రాలేదు. కొన్ని రోజులకు ఒక్కో మాట గోర్ బోలిలో రావడం మొదలైంది. 'బాటి, బాటి' అంటోంది. అక్కడివాళ్లు అర్థంలేని మాటలే అనుకున్నరు. మనవరాలు పోయినంక తెలిసింది, ఆమె రొట్టె అడుగుతోందని. మనలో బాటి అంటే రొట్టె. ఆకలిగా ఉన్న ముసలమ్మ రొట్టె అడిగింది, అంతే.

ఆ తర్వాత మేము 'వెర్రి' ఉపాయాన్ని కొట్టేసినం. అది మాకు బాగనే గుర్తుంటుంది, అదే దాని ప్రమాదం. రేపు డ్యూటీలో ఇట్లాంటి మనిషి వస్తే మన నోట ముందు వచ్చేది ఆ మాటే. వెర్నికే భాగం దెబ్బతిన్నప్పుడు చాలాసార్లు చెయ్యి కాలు పడిపోవు. అందుకే పక్షవాతమని ఎవరికీ తోచదు, పిచ్చి అనుకుంటరు. ఆ పొరపాటును మన జ్ఞాపకంలోకి మనమే ఎక్కించుకోవద్దు.

మేము పెట్టుకున్న రెండో ఉపాయం: వెర్నికే వెనక, వెర్నికే విను. వినడం అంటే చప్పుడు వినడం కాదు, అర్థం చేసుకోవడం. నంబరు 22. రెండు, రెండు. మనకు చెవులు రెండు. 22 చెవి, 44 నాలుక.

ఎటు ఏదో ఇంకా అనుమానం ఉంటే ఫోను తీసి ఎడమ చెవికి పెట్టుకోండి. చెవి దగ్గరి భాగం వినేది, అటు వెర్నికే. నోటివైపు వచ్చే భాగం మాట్లాడేది, అటు బ్రోకా. పరీక్ష హాల్లోకి ఫోను తేనియ్యరు కానీ చెయ్యి చెవి దగ్గర పెట్టుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

పత్తి మార్కెట్ ఉపాయం

రెండు చోట్లు గుర్తుంటే సరిపోదు. వాటిని కలిపే దారి కూడా అడుగుతరు. దాని పేరు ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్. పేరు చూసి భయపడకండి, విల్లులా వంగిన నరాల కట్ట అని అర్థం. దీనికి మేము మద్నూర్ పత్తిని పట్టుకున్నం.

పత్తి ముందు మార్కెట్ యార్డుకు వస్తుంది. అక్కడ చూస్తరు, తేమ ఎంత, రకం ఏంది, తూకం ఎంత. అంటే వచ్చిన సరుకు ఏందో అర్థం చేసుకునే చోటు. అది వెర్నికే. అక్కడి నుంచి రోడ్డు మీద జిన్నింగ్ మిల్లుకు పోతుంది. ఆ రోడ్డు ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్. మిల్లులో గింజ తీసి, బేళ్లుగా కట్టి బయటికి పంపుతరు. లోపలి సరుకుకు రూపమిచ్చి బయటికి పంపే చోటు. అది బ్రోకా.

ఇప్పుడు ఒక్కోటి బంద్ చేసి చూడండి. మిల్లు బంద్ అయితే సరుకు ఏందో యార్డుకు తెలుసు, బేళ్లు మాత్రం బయటికి రావు. వస్తే కష్టం మీద ఒకటీ రెండూ. ఇది బ్రోకా అఫేసియా. మన టాన్ పరిస్థితి. యార్డు బంద్ అయితే మిల్లు ఆగదు, ఏది పడితే అది కట్టి పంపుతుంది. బేళ్లు బోలెడు, లోపల ఏముందో దేవునికే తెలియాలె. ఇది వెర్నికే అఫేసియా. రోడ్డు బంద్ అయితే యార్డు బాగుంది, మిల్లు బాగుంది, కానీ వచ్చిన సరుకును వచ్చినట్టు పంపలేరు. రోగికి అర్థమవుతుంది, మాట్లాడగలడు, కానీ 'నేను చెప్పింది మళ్లీ అను' అంటే తప్పుతడు. ఇది కండక్షన్ అఫేసియా. ఇట్లాంటిది ఉండి తీరాలని వెర్నికే 1874లోనే ఊహించిండు. మూడూ బంద్ అయితే గ్లోబల్ అఫేసియా. వినడమూ లేదు, అనడమూ లేదు.

ఒక జాగ్రత్త. ఇది ఉపాయమే, మెదడు అసలు పటం కాదు. బ్రోకా ఆ రెండు మెదళ్లను కోయకుండా అట్లనే దాచిపెట్టిండు. ఇప్పటికీ ఉన్నయి. 2007లో శాస్త్రవేత్తలు వాటిని ఎంఆర్ఐ తీసి చూస్తే, దెబ్బ బ్రోకా పైనుంచి చూసినదానికంటే చాలా లోతుకు పోయి ఉంది. భాష రెండు చుక్కల్లో ఉండేది కాదు, మెదడులో చాలా చోట్లను కలిపే అల్లిక అని ఇప్పుడు తెలుసు. కాబట్టి ఉపాయంతో లోపలికి పోండి, అక్కడే ఆగిపోవద్దు.

ఏళ్లు గుర్తుపెట్టుకోవడం, కొలతల కథ

1861, 1874. ఈ రెండు ఏళ్లకు మన చరిత్రలోనే మేకులున్నయి. రాంజీ గోండును నిర్మల్‌లో ఉరితీసింది 1860 ఏప్రిల్ 9న అని మనం ఏటా గుర్తు చేసుకుంటం. దానికి సరిగ్గా ఏడాది కలిపితే, అదే ఏప్రిల్ నెల, బ్రోకా. ఇక 1874 అంటే వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు లైను వచ్చిన ఏడు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగిన లంబాడాల బతుకుదెరువును మెల్లమెల్లగా మింగింది రైలే. మన ఎడ్ల బిడారులకు గడ్డుకాలం మొదలైన ఏడు, వెర్నికే పుస్తకం వచ్చిన ఏడు ఒకటే. ఒకసారి చదివితే మర్చిపోరు.

ఈ ఏళ్ల మధ్యలో ఇంకొకటి ఉంది. 1871, నేరస్థ తెగల చట్టం. పుట్టుకను బట్టే మనిషిని దొంగ అన్న చట్టం. లంబాడాలను పలుచోట్ల దాని కిందకు తెచ్చిన్రు. అది రద్దు కావడానికి 1952 దాకా పట్టింది.

దీనికీ మెదడుకూ ఏం సంబంధం అంటరా? ఉంది. మాట కోల్పోయిన పేద పనివాని మెదడులో ఆలోచన మిగిలే ఉందని చూపిన బ్రోకానే, 1859లో ఆంత్రోపాలజీ సొసైటీ పెట్టి పుర్రెలు కొలిచిండు. మెదళ్లు తూచి, జాతులకు తెలివిలో మెట్లు కట్టిండు. పై మెట్టు మీద యూరప్ మగవాళ్లే. బ్రోకా శిష్యుడు టోపినార్. టోపినార్ పద్ధతులు తీసుకొని మన దేశంలో తెగలను, కులాలను ముక్కు కొలిచి వరుసలో పెట్టిన అధికారి రిస్లీ. 1901 జనగణనకు కమిషనర్ ఆయనే. పారిస్‌లో మొదలైన కొలత టేపు మన ముఖాల మీదికే వచ్చింది.

ఇది ఎందుకు చెప్తున్నమంటే, బ్రోకా పేరు చదివేటప్పుడు రెండూ తెలిసి చదవాలె. ఆయన కనుక్కున్నది నిజం, అది నేర్చుకుందాం. ఆయన కట్టిన మెట్లు అబద్ధం, అది కూడా నేర్చుకుందాం. 'మీ భాషకు లిపి లేదు, మీ పిల్లలకు చదువు ఎక్కదు' అనే మాట ఇప్పటికీ వింటున్నం కదా. అది ఆ టేపు ముక్కే.

హైదరాబాద్ చెప్పిన లెక్క

ఇప్పుడు మన దగ్గర జరిగిన పరిశోధన. మద్నూర్ పిల్లల రోజు ఎట్ల గడుస్తుందో మీకు తెలుసు. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, దెగ్లూర్ బజారుకు పోతే మరాఠీ, అటు ఔరాద్ పోతే కన్నడ, బస్టాండులో దక్కనీ, పుస్తకంలో ఇంగ్లిష్. మన పక్కనున్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956 దాకా నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోనే ఉండేవి. గీత తర్వాత పడింది, భాషలు ముందే కలిసినయి. గీత ఇటు లంబాడా ఎస్టీ, మహారాష్ట్రలో విముక్త జాతి, కర్ణాటకలో ఎస్సీ. గోర్ బోలిని ఇక్కడ తెలుగు లిపిలో రాస్తం, అక్కడ దేవనాగరిలో, ఇంకో దిక్కు కన్నడ లిపిలో. లిపి మారినా బోలి ఒకటే.

ఇన్ని భాషలు నెత్తిన పెడితే పిల్లల మెదడు గందరగోళం అవుతుందని మాకు కూడా చెప్పిన్రు. ఇంట్లో లంబాడి మాట్లాడొద్దు, తెలుగు ఖరాబ్ అవుతుందన్నరు. హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, ఎడిన్‌బరో యూనివర్సిటీకి చెందిన థామస్ బాక్‌తో కలిసి, మతిమరుపు జబ్బు డిమెన్షియా వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ప్రచురించింది. వాళ్లలో 391 మంది ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వాళ్లతో పోలిస్తే వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది: బడి మొహం చూడనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. అంటే ఇది డిగ్రీల మహిమ కాదు. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం మాత్రం ఆ లెక్కలో తేలలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలె.

2016లో నిమ్స్‌లోనే పక్షవాతం వచ్చిన 608 మంది మీద ఇంకో లెక్క వచ్చింది. పక్షవాతం తర్వాత ఆలోచన, జ్ఞాపకం మామూలుగా నిలబడినవాళ్లు ఒకటి కంటే ఎక్కువ భాషలు ఉన్నవాళ్లలో 40.5 శాతం, ఒకే భాష వాళ్లలో 19.6 శాతం. అయితే మాట పోవడం, అంటే అఫేసియా రావడం, ఇద్దరిలోనూ ఒకే తీరు. భాషలు ఎక్కువ ఉంటే మాట పోదని కాదు. పోయినప్పుడు ఏ భాషలో తిరిగి వస్తుందన్నది వేరే ప్రశ్న. దీని మీద ఫ్రాన్స్‌లో 1880ల్లోనే రిబో, ముందు నేర్చిన భాష ఎక్కువ నిలుస్తుందన్నడు. 1895లో పిత్ర్, బాగా వాడిన భాష ముందు తిరిగి వస్తుందన్నడు. ఇద్దరి మాటా అన్ని కేసులకూ సరిపోదు. కానీ ఒకటి తేలుతుంది: రోగిని ఒక్క భాషలోనే అడిగి 'మాట లేదు' అని రాయడం తప్పు. ఆ చెల్లె దాదీకి తెలుగు పోయింది, బాటి మిగిలింది.

అందుకే ఆఖరి ఉపాయం, ఒకే అంకె మీద మూడు సంగతులు. 45 బ్రోకా నంబరు. నాలుగున్నర ఏళ్లు హైదరాబాద్ లెక్క. నాలుగున్నర గంటలు పక్షవాతం గడువు. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి, స్కాన్ చేసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే మొదలైన నాలుగున్నర గంటల లోపలే. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా, గడగడ మాట్లాడుతూ అర్థం కలవకపోయినా, మంత్రం వద్దు. టైము చూసుకొని 108కి ఫోన్ చేయండి. పరీక్షలో ఒక మార్కు పోతే వచ్చే ఏడు మళ్లీ రాయొచ్చు. ఈ గడువు పోతే మళ్లీ రాదు.

నర్సింగ్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఒక మాట. రేపు వార్డులో అర్థం కాని మాట మాట్లాడే ముసలమ్మ కనిపిస్తే, కేసు షీటు రాసేముందు ఒక్కసారి గోర్ బోలిలో అడగండి, గోండీలో అడగండి, కొలామీలో, కోయలో అడగండి. ఆ పని ఆ వార్డులో మీరొక్కరే చేయగలరేమో.

మీ మీ భాషల్లో 'మాట్లాడు'కు, 'విను'కు ఏమంటరో కింద రాయండి. బ్రోకాకు, వెర్నికేకు ఏ మాట బాగా అతుకుతుందో చూద్దాం. గోండీ ఉపాయం ఒకటి, కోయ ఉపాయం ఒకటి దొరికితే వచ్చే బ్యాచ్ పిల్లలకు అన్నీ కలిపి ఒక కాగితం మీద రాసి ఇద్దాం.